రాత్రి కాపలాలో ఎనిమిది వేల పేజీలు: పెద్ద వెబ్‌కామిక్‌లోకి దిగడం ఎలా

రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాలో పని తక్కువ, మెలకువ ఎక్కువ. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు వింటూ ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి మూడింటి నుంచి ఐదింటి దాకా కన్ను మూతపడకూడదు. 2021లో కాలేజీ ఆన్‌లైన్ అయిపోయి, భీమవరం పక్కన మా ఊళ్లోనే ఉండిపోయినప్పుడు ఈ డ్యూటీ నా మెడకి చుట్టుకుంది. ఆ పంట నాలుగు నెలల్లో 'హోమ్‌స్టక్' అనే వెబ్‌కామిక్ మొత్తం చదివేశాను. 8 వేల పైచిలుకు పేజీలు. సగటున రాత్రికి 65, 70.

ఈ మాట చెప్పినప్పుడల్లా మావాళ్లు అడిగేవి రెండే. అంత పొడుగు దేనికి? మొదలెట్టాలంటే ఎక్కణ్ణుంచి? ఇక్కడ రాసేది రెండోదానికి జవాబు. మొదటిదానికి జవాబు దారిలో తగులుతుంది.

అసలు ఇదేంటి

వెబ్‌కామిక్ అంటే ఇంటర్నెట్‌లో పేజీ పేజీగా వచ్చే బొమ్మల కథ. ఏళ్ల తరబడి సాగేవి చాలా ఉన్నాయి. 'గర్ల్ జీనియస్' 2005లో వెబ్‌లోకి వచ్చింది, వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కో పేజీ. మన వారపత్రికల సీరియల్ లాంటిదే, 'సశేషం' అన్న మాట ఒక్కటే ఉండదు. మల్టీమీడియా వెబ్‌కామిక్ దీనికి ఇంకొన్ని హంగులు చేరుస్తుంది. ఒక పేజీలో కదలని బొమ్మ. తర్వాతి పేజీలో కళ్లార్పే జిఫ్, అంటే ఆగకుండా కదిలే చిన్న బొమ్మ. దాని తర్వాత పాత్రల చాటింగ్. ఇంకాసేపటికి సంగీతంతో యానిమేషన్. మధ్యలో బాణం మీటలతో మనమే పాత్రని నడిపించే చిన్న గేమ్. అన్నీ ఒకే కథలో, ఒకే వరసలో.

ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పాలంటే తోలుబొమ్మలాట అనండి, వెంటనే అందుతుంది. కాకినాడ దగ్గర మాధవపట్నం ఆ ఆటకి పేరున్న ఊరు. తెర వెనక దీపం, రంగుల తోలుబొమ్మ, పద్యం, మద్దెల, యుద్ధం వస్తే కాళ్ల కింద చెక్కలు టపటపలాడించడం. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లారేదాకా సాగేదని, యుద్ధం ఎప్పుడో కోడి కూసే వేళకి వచ్చేదని మా తాతయ్య చెప్పేవాడు. "అలారం పెట్టుకుని ఆ యుద్ధం ఒక్కటీ చూసొస్తే పోదా తాతయ్యా?" అన్నాను ఒకసారి. "అప్పుడది వట్టి చెక్కల చప్పుడేరా" అన్నాడు.

ఆయన మాట వినకుండా నేను సరిగ్గా అదే పని చేశాను.

నేను చేసిన తప్పు

అమలాపురంలో ఉండే మా బావ ఒకరోజు వాట్సాప్‌లో లింకు పంపాడు. "13 నిమిషాలేరా, బుర్ర తిరిగిపోద్ది" అన్నాడు. అది హోమ్‌స్టక్ ఐదో అంకం చివర వచ్చే 'కాస్కేడ్' యానిమేషన్. 2011 అక్టోబర్ 25న అది విడుదలైనప్పుడు ఎగబడిన జనం దెబ్బకి, దాన్ని పెట్టిన న్యూగ్రౌండ్స్ సైట్ కుప్పకూలింది. ఆ గొడవంతా దేనికో నాకు ముక్క అర్థం కాలేదు. గ్రహాలు, పేలుళ్లు, కళ్లజోడు పిల్లలు, ఎవరో ఎగిరిపోతుంటారు. నాలుగు నిమిషాలకి ఆపేసి క్రికెట్ పెట్టుకున్నాను.

బావ లింకు పంపిన మూడేళ్లకి చెరువు గట్టు మీద, 4 వేల పేజీలు దాటి, అదే యానిమేషన్ దగ్గరికి వరసలో వచ్చాను. ఈసారి ఏ బొమ్మ చూసినా దాని వెనక నాకు తెలిసిన వంద పేజీలున్నాయి. వారాలుగా చప్పుడు లేకుండా, దాదాపు కదలకుండా ఉన్న మనుషులు ఒక్కసారిగా కదిలారు. పాటలో ఒక ముక్క వినపడగానే అది ఎవరి రాగమో, ముందు ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. అదయ్యాక ఆ రాత్రి ఇంక పేజీ తిప్పలేదు.

అందుకే కింద చెప్పే అడుగులన్నిటి వెనక ఉన్న షరతు ఒకటే. వరసలో చదవాలి. "బెస్ట్ సీన్స్" వీడియోల జోలికి పోకూడదు.

అడుగు 1: ముందు కాళ్లు తడుపుకోండి

ఈత రానివాణ్ణి తీసుకెళ్లి గౌతమిలో తోసెయ్యరు. రెండు చిన్నవి చూసి, ఈ రకం మీకు పడుతుందో లేదో తేల్చుకోండి.

మొదటిది ఐదు నిమిషాల పని. కొరియా కళాకారుడు హోరాంగ్ 2011లో చేసిన దెయ్యం వెబ్‌టూన్, పేరు 'బోంగ్‌చన్-డాంగ్ దెయ్యం'. ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. కిందికి స్క్రోల్ చేస్తూ మామూలుగా చదువుతుంటారు, ఒకచోట పేజీ మీ మాట వినడం మానేస్తుంది. అంతకన్నా చెప్పను. గుండె జబ్బున్న వాళ్లు వదిలెయ్యండి. మిగతావాళ్లు పగలు, మనుషుల మధ్య చదవండి. నేను మకాంలో ఒక్కణ్ణే ఉండి చదివి, ఆ తర్వాత మేత బస్తాల వైపు చూడ్డానికే వణికాను.

రెండోది 'ఎక్స్‌కేసీడీ' కామిక్‌లో వచ్చిన 'టైమ్'. గీసినాయన రాండల్ మన్రో. 2013 మార్చి 25న ఒక బొమ్మ పెట్టారు: ఇద్దరు పుల్లల మనుషులు సముద్రం ఒడ్డున కూర్చుని ఉంటారు. అరగంటకి ఆ బొమ్మ కొంచెం మారింది. ఇంకో అరగంటకి ఇంకొంచెం. కొన్నాళ్లకి గంటకొకటి అయింది. వాళ్లు ఇసుకతో కోట కడుతున్నారు. అలా నాలుగు నెలల పాటు 3 వేలకు పైగా బొమ్మలు వచ్చాయి. 2014లో దీనికి సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. ఇప్పుడు అసలు పేజీలో ఆఖరి బొమ్మే కనిపిస్తుంది కాబట్టి, మొదటినుంచి ఒక్కొక్కటీ తిప్పుకుంటూ చూసేలా అభిమానులు చేసిన వ్యూయర్ వెతుక్కోండి. మాటలు తక్కువ, ఇంగ్లీషు ఇబ్బంది పెట్టదు. అంతర్వేదిలో ఇసుక గూళ్లు కట్టి అల వచ్చేదాకా కాపలా కాసిన వాళ్లకి, వరద వస్తే గట్టు మీద నిలబడి నీటి మట్టం చూసిన వాళ్లకి ఈ కథ వేరేగా తగులుతుంది. ఎందుకో చెబితే మీరు నన్ను తిడతారు.

ఈ రెండూ నచ్చకపోతే ఇక్కడితో ఆగిపోండి, నష్టం గంటే. నచ్చితే లోతుకి వెళ్దాం.

అడుగు 2: సరంజామా

హోమ్‌స్టక్‌ని ఆండ్రూ హస్సీ 2009 ఏప్రిల్ 13న మొదలుపెట్టి, 2016లో మళ్లీ ఏప్రిల్ 13నే ముగించారు. ఏడు అంకాలు. అందులో కదిలే, పాడే భాగాలు చాలావరకు ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో చేసినవి. 2020 డిసెంబర్ 31తో దాని కంపెనీ అడోబీ ఫ్లాష్‌కి నీళ్లొదిలేసింది, బ్రౌజర్లు దాన్ని తీసేశాయి. దాంతో ఇలాంటి కథలన్నిటికీ కాళ్లు చేతులు పడిపోయినంత పనయింది. యానిమేషన్లయితే వీడియోలుగా మార్చి పెట్టొచ్చు. కానీ మన చేత్తో ఆడాల్సిన గేమ్ పేజీ వీడియో అయితే అందులో ఇంకేముంది?

దీనికి అభిమానులే మందు తయారుచేశారు. 'అనఫిషియల్ హోమ్‌స్టక్ కలెక్షన్' అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్‌లో నడుస్తుంది. మొత్తం కామిక్, ఫ్లాష్‌తో సహా, మీ కంప్యూటర్లోకి దిగిపోతుంది. కొన్ని జీబీల డౌన్‌లోడ్ కాబట్టి ఫోన్ డేటాతో కాకుండా వైఫై ఉన్నచోట చెయ్యండి. ఒకసారి దిగాక నెట్‌తో పని లేదు. మా గట్టు మీద సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప, ఇది లేకపోతే నేను చదివేవాణ్ణే కాదు. అందులో కొత్త పాఠకుల మోడ్ అని ఒకటుంటుంది, అది ఆన్ చేసుకోండి. మీరు ఇంకా చేరని పేజీల సంగతులన్నీ దాచి ఉంచుతుంది.

వేరే ఫ్లాష్ కామిక్స్ దేనికైనా 'రఫుల్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బ్రౌజర్లోనే పాత ఫ్లాష్‌ని నడిపిస్తుంది. అన్నీ కాదు, చాలావరకు.

ల్యాప్‌టాప్ కావాలి. ఫోన్‌లో వెబ్‌టూన్లు హాయిగా చదవొచ్చు గానీ, మీటలు నొక్కి ఆడే పేజీలు అక్కడ కుదరవు.

ఇయర్‌ఫోన్స్ కూడా కావాలి. కాపలా డ్యూటీలో ఉన్నవాళ్లు మాత్రం ఒక్క చెవికే పెట్టుకోండి. మూడో అంకంలో ఉండగా ఒక రాత్రి రెండు చెవులకీ పెట్టి, సౌండ్ పెంచి కూర్చున్నాను. కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి నాకు తెలీలేదు. ఏరేటర్లు ఆగిపోయాయి. ఎంతసేపయిందో ఏమో, భుజం మీద చెయ్యి పడితే అదిరిపడి చూశాను. నాన్న. లైటు చెరువు మీదికి కొట్టి చూపించాడు. రొయ్య తేలిపోయి, మూల మూలా చిన్న చిన్న కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. జనరేటర్ వేసి, చక్రాలు తిరగడం మొదలయ్యాక ఒక్క మాట అన్నాడు: "చెవులు ఎక్కడ తాకట్టు పెట్టావురా?" ఆ రాత్రి పంట దక్కింది. నా ఇయర్‌ఫోన్స్ వారం రోజులు దక్కలేదు.

అడుగు 3: మొదటి 250 పేజీలు ఓర్చుకోండి

ఎక్కువమంది ఇక్కడే లేచిపోతారు. మొదటి అంకం సుమారు 250 పేజీలు. జాన్ ఎగ్బర్ట్ అనే పదమూడేళ్ల కుర్రాడు, పుట్టినరోజు నాడు, తన గదిలో నిలబడి ఉంటాడు. కొత్త కంప్యూటర్ గేమ్ పోస్టులో రావాలి. దానికోసం ఎదురుచూస్తూ గదిలో సామాన్లు అటూ ఇటూ సర్దుతాడు. చాలాసేపటి దాకా అంతే.

అయితే ఆ సర్దడంలోనే హాస్యం ఉంది. బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్, అంటే కంప్యూటర్లో సమాచారం సర్దే పద్ధతులు, చదివినవాళ్లు గట్టిగా నవ్వుతారు. జాన్ దగ్గరున్న సామాన్ల సంచీ 'స్టాక్' పద్ధతిలో పనిచేస్తుంది. ఆఖరున పెట్టినదే ముందు బయటికొస్తుంది. అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ తియ్యాలి. నిండిపోతే ఒకటి ఎగిరి బయట పడుతుంది. అతని స్నేహితురాలు రోజ్ సంచీ 'ట్రీ', డేవ్‌ది 'హ్యాష్ మ్యాప్'. మా సార్ రెండు నెలలు బోర్డు మీద గీసినా ఎక్కని హ్యాష్ మ్యాప్, డేవ్ పడే పాట్లు చూశాక పరీక్షలో రాసేశాను.

ఈ నత్తనడకకి కారణం కూడా తెలుసుకుంటే విసుగు తగ్గుతుంది. ఇది పాత కంప్యూటర్ అడ్వెంచర్ గేమ్‌ల వేషంలో నడిచే కథ. ప్రతి పేజీ కింద ఒక ఆజ్ఞ ఉంటుంది: "జాన్, అది తియ్యి" అన్నట్టు. దాన్ని నొక్కితే తర్వాతి పేజీ. మొదట్లో ఆ ఆజ్ఞలు పాఠకులు పంపినవే. వాళ్లు ఏం అడిగితే దాన్నిబట్టి హస్సీ కథని మలుపు తిప్పేవారు. చదివేవాళ్లు వేలకి వేలయ్యాక ఆ పద్ధతి ఆపేశారు. కాబట్టి మొదటి అంకంలో కనిపించే పిచ్చి పనుల్లో సగం అప్పటి పాఠకుల అల్లరి అనుకోండి. పెళ్లింట్లో పిల్లలు మైకు లాక్కున్నట్టు ఉంటుంది.

గడువు పెట్టుకోండి: రెండో అంకం సగం వరకు. అప్పటికీ బుద్ధి పుట్టకపోతే మానెయ్యడానికి సిగ్గుపడక్కర్లేదు.

అడుగు 4: చాట్లని చెవితో చదవండి

హోమ్‌స్టక్‌లో 8 లక్షల పైచిలుకు మాటలున్నాయని అంచనా. అందులో పెద్ద వాటా పాత్రల మధ్య చాటింగే. బొమ్మ కింద ఒక మీట ఉంటుంది, నొక్కితే చాట్ తెరుచుకుంటుంది. తొందరలో నొక్కకుండా దాటిపోయేవాళ్లున్నారు. అలా దాటితే కథ సగం పోయినట్టే, ఎందుకంటే ముఖ్యమైన కబుర్లన్నీ అక్కడే.

ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. జాన్ నీలం, రోజ్ ఊదా, డేవ్ ఎరుపు, జేడ్ ఆకుపచ్చ. రంగుతో ఆగదు, రాత పద్ధతీ వేరే. తర్వాత వచ్చే టెరెజీ అన్నీ పెద్దక్షరాల్లో రాస్తుంది, 'ఏ' బదులు 4, 'ఐ' బదులు 1, 'ఈ' బదులు 3 పెడుతుంది. మొదటి రోజు తలనొప్పి వచ్చింది. మూడో రోజుకి అంకెలు కనపడటం మానేసి గొంతు వినపడటం మొదలైంది. మనకిది కొత్తేం కాదు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, అచ్చులు మింగేసి, అంకెలు కలిపి వాట్సాప్‌లో ఎన్నేళ్లుగా చదువుతున్నాం? అసలు దీన్ని యాస అనుకుంటే సరిపోతుంది. ఫోన్‌లో "ఆయ్, చెప్పండి" అనగానే అవతల ఉన్నది కోనసీమ మనిషని పేరు చెప్పకుండానే తెలిసినట్టు, ఇక్కడ రంగు చూడకుండానే ఎవరో తెలిసిపోతుంది. టెరెజీ వాడే ఆ మూడంకెలు పక్కపక్కన పెడితే 413, అంటే ఏప్రిల్ 13, కథ మొదలైన తేదీ. ఇలాంటి లెక్కలు హస్సీ చోటల్లా దాచి పెట్టారు.

అర్థం కాని వాక్యాన్ని పైకి చదవండి. రాత్రిపూట గట్టు మీద ఎవరూ వినరు. ఇంట్లో అయితే మీ ఇష్టం. బూతులు దండిగా ఉన్నాయి, రక్తపాతం ఉంది, కొన్ని యానిమేషన్లలో వెలుగు టకటకా కొడుతుంది. ఆరో తరగతి పిల్లలకి ఇవ్వకండి.

అడుగు 5: 'ఎస్' పేజీల మర్యాద

పేజీ పేరు ముందు బ్రాకెట్లో ఎస్ అక్షరం ఉంటే సౌండ్ ఉందని అర్థం. అది చూడగానే ఆగండి. టైము చూసుకోండి. మేత వేసే వేళ దగ్గరపడితే ల్యాప్‌టాప్ మూసేసి, పని చూసుకుని రండి. మధ్యలో లేచి వెళ్లే పరిస్థితుంటే మొదలుపెట్టకండి.

సంగీతం ఒక్కరు చేసింది కాదు, ఒక పెద్ద జట్టు చేసింది. అందులో ఒకరు టోబీ ఫాక్స్, తర్వాత 2015లో 'అండర్‌టేల్' గేమ్ చేసి పేరు తెచ్చుకున్నది ఆయనే. పాత్రకో రాగం ఉంటుంది, అది వేరే పాటల్లో మారువేషాల్లో తిరిగొస్తుంది. పాట విడిగా ముందే వినేసి చెవికి అలవాటు చేసుకోవద్దని నా సలహా. మా బావ ఒప్పుకోడు. ఆయన పాటల ద్వారానే ఇందులోకి వచ్చాడు.

అడుగు 6: పేర్ల పుస్తకం

ఐదో అంకం మొదట్లో ఒకేసారి పన్నెండు మంది కొత్తవాళ్లు దిగుతారు. ఇది రెండో గండం. నేను మేత లెక్కలు రాసే పుస్తకం వెనక అట్ట నుంచి రాయడం మొదలుపెట్టాను: పేరు, రంగు, రాత పద్ధతి, ఎవరితో పడదు. చివరిదే అన్నిటికన్నా పనికొచ్చింది. ఒకసారి మేత కొట్టాయన లెక్క చూస్తూ పొరపాటున ఆ వైపు తెరిచి, "ఈ కార్కాట్ ఎవరండి, బాకీ ఏమైనా ఉన్నాడా?" అన్నాడు.

అంకాల మధ్య విరామాలు వస్తాయి. మొదటి దాంట్లో అసలు కథకి సంబంధం లేనట్టుండే గూండాల ముఠా వచ్చి దొమ్మీ చేస్తుంది. తోలుబొమ్మలాటలో రావణుడి సభ మధ్య కేతిగాడు, బంగారక్క దూరినట్టు. కానీ దీన్ని దాటెయ్యకండి. ఇక్కడి కేతిగాడు ఊరికే రాలేదని చాలా తర్వాత తెలుస్తుంది.

వికీలు తెరవకండి. ఒక్క పేరు వెతికితే నాలుగు చావులు బయటపడతాయి. డౌటొస్తే చదివేసిన మనిషిని అడగండి. నాకు బావ ఉన్నాడు. ఏం అడిగినా "చదువు" అనేవాడు, విసుగొచ్చేది గానీ మేలు చేశాడు.

అడుగు 7: ఇంకా నడుస్తున్న వాటితో ఎలా

అయిపోయిన కథ వేరు, నడుస్తున్న కథ వేరు. ఇందులో నా పద్ధతి కొబ్బరి దింపు. కాయ కోసం రోజూ చెట్టెక్కరు కదా. రెండు నెలలకోసారి దింపు తీసినట్టు, పేజీలు పోగయ్యాక కూర్చుని చదువుతాను. ఆర్ఎస్ఎస్ రీడర్ అని, సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకచోట చేర్చే యాప్ ఉంటుంది, అందులో కామిక్ చిరునామా పెట్టుకుంటే కొత్త పేజీలు అక్కడే పడి ఉంటాయి. రోజూ సైటు తెరిచి చూస్తే టెన్షన్ తప్ప మిగిలేది లేదు.

రోజుకో పేజీ కావాలనుకునేవాళ్లకి వేరే సుఖం ఉంది, కాదనను. తర్వాత ఏమవుతుందోనని తోటివాళ్లతో వాదించుకోవడం అందులో సగం. పుస్తకంగా వచ్చాక ఆ సగం దొరకదు.

నెలల తరబడి ఆగిపోయేవి, మధ్యలో వదిలేసినవి కూడా ఉంటాయి. గీసేది ఒకరో ఇద్దరో మనుషులు, చెయ్యి నొప్పి పెడుతుంది, ఉద్యోగం మారుతుంది. నచ్చినదానికి ఒక వంద రూపాయలైనా పంపండి. 2012లో హోమ్‌స్టక్ గేమ్ కోసం అడిగితే పాఠకులు 24 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి ఇచ్చారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

మల్టీమీడియా తరహాలో రెండోదిగా మిషెల్ ఫస్ 2012లో మొదలుపెట్టిన 'ఎవాస్ డెమన్' చెబుతాను. ఒక్కో పేజీకి ఒక్కటే పెయింటింగ్ లాంటి బొమ్మ, అధ్యాయాల చివర సంగీతంతో యానిమేషన్. హోమ్‌స్టక్‌లో బొమ్మలు మరీ పిల్లల గీతల్లా ఉన్నాయని మూతి విరిచినవాళ్లు దీంతో మొదలుపెట్టినా తప్పులేదు.

అయిపోయాక

2016 అక్టోబర్‌లో వచ్చిన 'క్రెడిట్స్' యానిమేషన్ దగ్గర ల్యాప్‌టాప్ మూసెయ్యండి. 2019లో ఎపిలాగ్స్ అని వచ్చాయి, బొమ్మల్లేవు, వట్టి వచనం, మింగుడుపడటం కష్టం. అదే ఏడాది చివర్లో కొనసాగింపు కూడా మొదలైంది. వెంటనే వాటి మీద పడకుండా కొన్నాళ్లు ఆగండి. మా బావ ఆగలేదు. రెండు రోజుల్లో ఎపిలాగ్స్ చదివేసి, "నాకు ఫోన్ చెయ్యకురా" అని మెసేజ్ పెట్టాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా ఆ మాటెత్తితే అరిసెల పళ్లెం పట్టుకుని వేరే గదిలోకి వెళ్లిపోయాడు.

మొన్ననే రొయ్యల పట్టుబడి అయింది. చెరువు ఎండబెట్టాం, వచ్చే నెల సీడు వదులుతాం. ఈసారి కాపలా నాతోపాటు మా తమ్ముడిది కూడా. వాడి ల్యాప్‌టాప్‌లో కలెక్షన్ ఎక్కించి, కొత్త పాఠకుల మోడ్ ఆన్ చేసి పెట్టాను. ఇయర్‌ఫోన్స్‌లో కుడి చెవిది కత్తిరించి ఇచ్చాను.